రెండోసారి అడగని మనిషి

ఎఫ్ఫత్‌కు నచ్చే ప్రేమ నవల రాయాలంటే రచయిత్రులు మళ్ళీ పుట్టాలి. మా రష్త్ ఊళ్ళో నవలలు అద్దెకు తెచ్చుకునే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఏ కొత్త పుస్తకం వచ్చినా, అది చదవడం కన్నా ముందు ఎఫ్ఫత్ దాన్ని ఎలా కడిగి ఆరేసిందో వినాలని వాళ్ళకు ఆత్రం.

ఆమె పని చేసేది పెద్దబజారు వెనక ఒక మిఠాయి దుకాణంలో. అక్కడ వేడి రాగి పెనం మీద బియ్యప్పిండి జాలును సన్నగా పోసి, వల లాంటి రేకులు తీస్తారు. వాటిలో అక్రోట్ పొడి, పంచదార, ఏలకులు పెట్టి మడవడం ఎఫ్ఫత్ పని. చుట్టూ మరికొందరు ఆడవాళ్ళు. చేతులకే పని, నోళ్ళు ఖాళీ. కాబట్టి పొద్దున్నుంచీ మాటలన్నీ నవలల మీదే నడుస్తాయి.

"ఏం పిన్నీ, పుస్తకం అయిపోయిందా?" అని పక్కన కూర్చునే గుల్నార్ మొదలుపెడుతుంది. ఆ పిల్లకు పెళ్ళయి ఏడాది కాలేదు. నవలల పిచ్చి మాత్రం ఇంకా వదల్లేదు.

"అయిపోయింది, నా ఓపికా అయిపోయింది. మళ్ళీ ఇంజనీరేనే తల్లీ. మళ్ళీ ఆకుపచ్చ కళ్ళే. ఈ దేశంలో ఇంతమంది ఆకుపచ్చ కళ్ళ ఇంజనీర్లుంటే మన వీధి మురుక్కాలవ ఇన్నేళ్ళుగా ఎందుకు పొంగుతోందో ఎవరైనా చెప్పండి."

"కళ్ళ సంగతి సరే, మనిషెలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు, కోపంగా ఉన్నాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా కోపమే. ఆ పిల్ల చెయ్యి ఎముక నలిగేలా పట్టుకుంటాడు. అది ప్రేమట. పిండిని కూడా మనం అలా పిసకం కదే. చివర్లో ఇద్దరూ వానలో నిలబడి ఏడుస్తారు. రాసినావిడ టెహ్రాన్‌లో ఉంటుందనుకుంటా, వానంటే అపురూపం. మన ఊళ్ళో వానలో ఏడ్చి చూడు, గొడుగు మర్చిపోయింది కాబోలనుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు."

"మరి దగ్గరయ్యారా ఆఖరికి?"

"అయ్యారు. మూడు చుక్కలు పెట్టింది. తర్వాతి వాక్యంలో తెల్లారి టీ కాచుకుంటున్నారు. సెన్సారు వాళ్ళు కత్తిరిస్తారని ఆవిడ భయం ఆవిడది. డబ్బులిచ్చి తెచ్చుకున్నది చుక్కలు చదవడానికా చెప్పు."

అందరూ పడీపడీ నవ్వుతారు. ఎఫ్ఫత్ మాత్రం నవ్వదు. "ఇంతలా తిడతావు, మరెందుకు చదువుతావు పిన్నీ" అని గుల్నార్ ఒకసారి గట్టిగానే అడిగింది. "ఒక్కడైనా మంచివాడు తగలకపోతాడా అని" అంది ఎఫ్ఫత్, మడత మీంచి తలెత్తకుండా. అది వేళాకోళం అనుకున్నారు అందరూ. కాదు.

ఆమెకు యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. కాలేదంటే ఎవరూ అడగక కాదు. ఇరవయ్యేళ్ళప్పుడు ఫరామర్జ్ అనేవాడు వెంటపడ్డాడు. వద్దంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దంది. ఏడాది పొడుగునా వీధి మొగలో నిలబడేవాడు, రొట్టెల కొట్టు దగ్గర వరసలో ఆమె వెనక దూరేవాడు. వీధంతా "పాపం, ఎంత ప్రేమో" అని వాడి మీదే జాలిపడింది. చివరికి వాళ్ళ నాన్న కూడా మెత్తబడి, "ఇంతగా అడుగుతున్నాడు, సరే అనరాదటే" అన్నాడు. ఆమె అనలేదు. వాడు విసుగెత్తి ఇంకో పిల్లను చేసుకుని పోయాడు. కానీ ఫలానావాడు ఏడాదిపాటు తిరిగిన పిల్ల అన్న పేరు మాత్రం ఆమెకే మిగిలింది. ఇంకో సంబంధం గడప తొక్కలేదు. తర్వాత నాన్న, ఆ తర్వాత అమ్మ. మంచం పట్టిన ఇద్దరికీ చాకిరీ చేసి సాగనంపేసరికి జుట్టు నెరిసింది. తప్పు చేసినవాడికి ప్రేమికుడన్న పేరూ, ఏ పాపమూ ఎరగనిదానికి ఒంటరి బతుకూ. మా వాళ్ళ న్యాయం ఇలా తగలడింది.

నవలలు అద్దెకిచ్చే కొట్టు సమీయీ గారిది. బజారు దాటాక, ఎండుచేపలమ్మే సందు చివర ఉండేది. ఒకప్పుడు గురువారం మధ్యాహ్నం అక్కడ నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే చదువుతున్నారు. పూటకో ముక్క చొప్పున వచ్చే నవలలు, ఊరికే. పాతవాళ్ళు కొందరు మాత్రం, అలవాటు చావక, ఇంకా కొట్టుకే వచ్చేవాళ్ళు. సమీయీ గారు సన్నటి మనిషి. ఎప్పుడూ అదే గోధుమరంగు స్వెట్టరు, నెమ్మదిగా మాట. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. విచిత్రమేమిటంటే, ప్రేమ నవలల మీద బతికే ఆ మనిషి ఒక్క ప్రేమ నవలనూ పూర్తిగా చదివి ఎరగడు. నాలుగు పేజీలు తిప్పేసరికి కునుకొచ్చేదట. అందుకని ఎఫ్ఫత్‌ను అడిగేవాడు. ఆమె బాగుందంటే ఇంకో రెండు తెప్పించేవాడు, చెత్త అంటే పంపిణీదారుకు తిప్పి పంపేసేవాడు. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళకు కూడా "ఎఫ్ఫత్ ఖానుమ్ ఏమన్నారంటే" అనే మొదలుపెట్టేవాడు.

ప్రతి గురువారం ఆమె వెళ్ళేది. కిరసనాయిలు పొయ్యి పక్కన కుర్చీ లాగేవాడు. "టీ తాగుతారా ఎఫ్ఫత్ ఖానుమ్?" అంటే "వద్దండీ, శ్రమ" అనేది. "శ్రమేముంది, తాగండి" అంటే "నిజంగా వద్దండీ, ఇప్పుడే తాగొచ్చా" అనేది. ఆయన పోసేవాడు, ఆమె తాగేది. మా వైపు ఇది అందరూ చేసేదే. మొదటిసారి అడగ్గానే సరే అంటే ఆకలిగొట్టు మనిషి అనుకుంటారు. మేం రొట్టె దగ్గర్నుంచి పెళ్ళిదాకా ముందు వద్దనే అంటాం. అడిగేవాడు మళ్ళీ అడగాలి. ఈ మర్యాదను కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, దొరికితే నాలుగు దులపాలని ఉంది నాకు.

నిరుడు వేసవి చివర్లో ఒక నవల వచ్చింది. ఊరు ఊరంతా దాని కోసం వెర్రెత్తిపోయింది. అందులో హీరో ఒక పిల్లను అడుగుతాడు, ఆమె వద్దంటుంది. మళ్ళీ అడుగుతాడు. ఆఫీసుకొస్తాడు, ఇంటి కిందకొస్తాడు, ఆమె వెళ్ళిన ఊరికల్లా వస్తాడు. అడిగీ అడిగీ ఆఖరికి ఒప్పిస్తాడు. గుల్నార్ ఆ పుస్తకం చదివి కళ్ళు వాచేలా ఏడ్చింది. ఎఫ్ఫత్ చదివి, గురువారం దాకా ఆగలేక, మంగళవారమే కొట్టుకు వెళ్ళింది. ఆ వేళకు అక్కడ ఇద్దరు ఆడవాళ్ళున్నారు. పుస్తకం బల్ల మీద పడేసి అందుకుంది.

"ఏమండీ సమీయీ గారూ, దీన్ని ప్రేమంటారా? వద్దన్న తర్వాత మళ్ళీ అడిగేవాడు ప్రేమికుడెలా అవుతాడు, పీడ అవుతాడు గానీ. ఆ పిల్ల ఒప్పుకోలేదండీ, అలిసిపోయింది. ఈ రాసేవాళ్ళకు ఆ రెంటికీ తేడా తెలీదు. ఒక్కసారి అడిగి, వద్దంటే తలొంచుకుని పక్కకు తప్పుకునే మగాణ్ణి ఒక్కణ్ణి రాయమనండి. ఆ పుస్తకం నెత్తిన పెట్టుకుంటాను. మగాడంటే వాడండీ."

గొంతు వణికింది. ఆ వణుకు ఫరామర్జ్‌దని ఆడవాళ్ళకు తెలీదు. సమీయీ గారు పాత మనిషి, అదే పేటవాడు, ఆయనకు తెలుసు. మారు మాట్లాడకుండా ఆ నవల ప్రతులన్నీ అరలోంచి తీసి కట్ట కట్టేశాడు. బోలెడంత గిరాకీ ఉన్న పుస్తకం. పంపిణీదారు ఫోన్ చేసి "నీకేమైనా మతి పోయిందా" అన్నాడట.

ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. అక్షరం అక్షరం నిజం. అందుకే కదా ఇంత ఏడుపు.

ఆకులు రాలే రోజుల్లో ఒక గురువారం. వాన ఆగకుండా పడుతోంది, కొట్టులో ఎవరూ లేరు. ఆయన టీ పోశాడు. పొయ్యి వత్తి సర్దాడు. మళ్ళీ సర్దాడు. తర్వాత నేల చూపులు చూస్తూ అన్నాడు.

"ఎఫ్ఫత్ ఖానుమ్, నేను ఈ కొట్టు ఎక్కువ రోజులు నడపలేను. లాహిజాన్‌లో మా నాన్నగారి ఇల్లుంది, కాస్త తేయాకు తోటుంది. అక్కడికి పోదామని. ఒక్కణ్ణే పోవాలంటే మనసొప్పడం లేదు. మీకు అభ్యంతరం లేకపోతే, మీరు నాతో... అంటే, పద్ధతిగా, మా చెల్లెల్ని మీ ఇంటికి పంపించి అడిగిస్తాను."

ఈ మాట కోసం ఆమె ఎన్నేళ్ళుగా గురువారాలు లెక్కపెట్టుకుందో పైవాడికే తెలుసు. ఆ నవలల్లో ఒక్కడైనా మంచివాడు తగలకపోతాడా అని వెతికింది కదా, ఆ ఒక్కడూ ఎదురుగా స్వెట్టరు గుండీ నలుపుతూ నిలబడ్డాడని ఆమెకు ఎప్పుడో తెలుసు. చేతిలో గ్లాసు కాలుతున్నా తెలియలేదు. సరే అందామనే నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నోటికి అలవాటైన మాట వచ్చింది.

"అయ్యో, ఈ వయసులో ఎందుకండీ ఇవన్నీ. నన్ను వదిలెయ్యండి, మీకు నేనెందుకు."

అని, తల దించుకుని, ఆయన రెండోసారి అడగడం కోసం ఆగింది.

ఆయన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "మీ ఇష్టం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, క్షమించండి" అన్నాడు. ఆమె తీసుకున్న పుస్తకాలు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చాడు. అంతే.

ఆమె ఇంటికి సంతోషంగానే వెళ్ళింది, పిచ్చి మనిషి. మొదటిసారి కదా, మంచివాడు కాబట్టి తొందరపెట్టలేదు, వచ్చే వారం మళ్ళీ అడుగుతాడనుకుంది. దోవలో చేప కొనుక్కుంది, ఒక్కదానికి కాక ఇద్దరికి సరిపడా. కొన్నాక చూసుకుని తనలో తాను సిగ్గుపడింది.

వచ్చే వారం అడగలేదు. ఆ పై వారం కూడా అడగలేదు. కుర్చీ లాగాడు, టీ పోశాడు, పుస్తకం ఎలా ఉందన్నాడు. మునుపటి కన్నా మర్యాద పెరిగింది, అదొక్కటే తేడా. పొయ్యి దగ్గర ఆమెకు కాస్త దూరంగా నిలబడడం మొదలుపెట్టాడు. పీడ అనిపించకూడదని.

ఆమె ఏం చేస్తుంది? ఆడది తనంతట తాను ఎలా అంటుంది? చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, నవల. ఒక వారం విధవరాలి పెళ్ళి కథ తెచ్చి, "ఇది చాలా బాగుందండీ, లేటు వయసులో తోడుండాలి మనిషికి" అంది. ఆయన శ్రద్ధగా విని ఇంకో రెండు ప్రతులు తెప్పించాడు. ఇంకో వారం, "ఈ నవల్లో పిల్ల మనసులో ఉందండీ, పైకి వద్దంది గానీ. అతను ఇంకొక్కసారి అడిగుండాల్సింది" అంది. ఆయన తల ఊపి, "అయితే ఇది మీకు నచ్చలేదన్నమాట" అని దాన్ని తిప్పి పంపే కట్టలో పెట్టాడు. ఆమెకు ఆ కట్ట తీసి నెత్తిన కొట్టుకోవాలనిపించింది.

దుకాణంలో ఆడవాళ్ళు ఇది కనిపెట్టకుండా ఉంటారా? "పిన్నీ, ఏమైంది నీకు? ఈ మధ్య అన్నీ బాగున్నాయంటున్నావు. మొన్న ఆ ఆకుపచ్చ కళ్ళవాణ్ణి కూడా వదిలేశావు" అంది గుల్నార్. ఎఫ్ఫత్ పళ్ళేలు కడిగే చోట ఆ పిల్లను పక్కకు లాగి అంతా చెప్పేసింది. గుల్నార్ నోరు వెళ్ళబెట్టింది.

"మరి వెళ్ళి సరే అని చెప్పవేం?"

"ఆయన అడగాలి కదే."

"అడిగాడు కదా పిన్నీ."

"ఒక్కసారేగా అడిగింది. వెంటనే ఒప్పుకుంటే ఏమనుకుంటాడు? ఎదురుచూస్తూ కూర్చుందనుకోడూ?"

"నువ్వు ఎదురుచూస్తూనే కదా కూర్చున్నావు."

చలికాలం చివర వచ్చే కొత్త సంవత్సరం పండగ దగ్గరికొచ్చింది, మిఠాయి పని ఊపిరాడనివ్వలేదు. రెండు గురువారాలు కొట్టుకు వెళ్ళడం కుదరలేదు. ఆ రెండో వారం గుల్నార్ బయట నుంచి వస్తూనే తడిసిన గొడుగు కూడా ముడవకుండా చెప్పింది. "సమీయీ గారు కొట్టు ఖాళీ చేసేస్తున్నారు పిన్నీ. పుస్తకాలన్నీ కట్టలు కట్టేశారు. పో. ఇప్పుడే పో. నీ పళ్ళెం నేను చూసుకుంటా."

చేతులకు అంటిన అక్రోట్ పొడి దులుపుకోకుండానే వెళ్ళింది. అరలన్నీ బోడిగా ఉన్నాయి. నేల మీద తాళ్ళతో బిగించిన కట్టలు. పొయ్యి ఆర్పేసి ఉంది. ఆమెను చూడగానే ఆయన కుర్చీ కోసం వెతికాడు, కుర్చీ అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు. ఆమె నిలబడే అంది, ఊపిరి అందకపోయినా.

"సమీయీ గారూ, మీరు ఆ రోజు ఒక మాట అడిగారు. నాకు ఇష్టమే."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు. "మీది పెద్ద మనసు ఎఫ్ఫత్ ఖానుమ్. వెళ్ళిపోయేవాణ్ణి నొప్పించకూడదని అంటున్నారు. మిమ్మల్ని అంత కష్టపెడతానా."

మర్యాదకు అంటోందనుకున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని ఒక అడుగు వేసింది కూడా. మళ్ళీ ఆగింది. జీవితంలో మొదటిసారి సిగ్గు చంపుకుని రెండోసారి అంది.

"మర్యాదకు అనడం లేదండీ. మర్యాదకు అన్నది ఆ రోజు. మీరు మళ్ళీ అడుగుతారనుకున్నా. ఈ చలికాలమంతా దానికోసమే వచ్చి కూర్చున్నా."

ఆయన మెల్లగా ఒక పుస్తకాల కట్ట మీద కూలబడ్డాడు. "వద్దన్నాక మళ్ళీ అడిగేవాడు పీడ అని మీరే కదండీ అన్నారు. ఇక్కడే, ఈ బల్ల దగ్గర. ఆ ఫరామర్జ్ వల్ల మీరు పడ్డది నాకు తెలుసు. అలాంటివాడిలా మీ కంటికి కనపడకూడదనే నోరు కుట్టుకున్నా."

"నేను పుస్తకం గురించి అన్నానండీ."

"పుస్తకాల గురించి మీరన్న మాటలేగా నేను ఇన్నేళ్ళూ నమ్ముకున్నది" అన్నాడు ఆయన. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత మిగతాది చెప్పాడు. కిందటి శుక్రవారం ఆయన చెల్లెలు లాహిజాన్‌లో ఒక సంబంధం చూపించింది. ఫఖ్రీ అని, విధవరాలు, బళ్ళో ఆయాగా చేస్తుందట. "మాట పూర్తి చెయ్యకముందే సరే అందండీ. ఏ నటనా లేదు. చాలా రోజుల నుంచి ఎవరూ అడగలేదని చెప్పి, మా చెల్లెలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఉంగరం పెట్టి వచ్చాం." తలెత్తి చూశాడు. అన్నాళ్ళూ పుస్తకాల గురించి ఎలా అడిగాడో అలాగే, ఆమె ఏం చెబితే అది చెయ్యడానికి సిద్ధపడ్డ మనిషిలా అడిగాడు. "ఇప్పుడు నన్ను ఏం చెయ్యమంటారు ఎఫ్ఫత్ ఖానుమ్?"

ఒక్క మాట. ఆమె ఒక్క మాట అంటే ఆయన ఆ ఉంగరం వెనక్కి తెచ్చుకునేవాడు, నాకు సందేహం లేదు. ఆమెకూ సందేహం లేదు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎవరూ అడగని ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో, ఒకసారి అడిగి వెళ్ళిపోయినవాడి కోసం చూడడం ఎలా ఉంటుందో, ఊళ్ళో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"ఆవిణ్ణే చేసుకోండి" అంది. "మంచి మనిషిలా ఉంది. మాట తప్పకండి."

"నిజంగానే అంటున్నారా?"

"నిజంగానే."

అది మర్యాద కాదు. మనస్ఫూర్తిగా అంది. అందుకే అంత నొప్పి.

దుకాణానికి తిరిగి వెళ్ళి గుల్నార్ పక్కన కూర్చుంది. గుల్నార్ ఆమె ముఖం చూసి సగం రేకులు ఆమె ముందుకు జరిపింది. సాయంత్రం దాకా ఇద్దరూ మడతలు పెట్టారు. ఇంటికెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాక, ఎఫ్ఫత్ వంటింట్లో నిలబడి గొంతెత్తి ఏడ్చింది. పక్కవాటా వాళ్ళు వింటారన్న సిగ్గు కూడా లేకుండా, చిన్నపిల్లలా, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

పక్కవాటా సురయ్యా ఖానుమ్ తలుపు తట్టింది. "ఏమైందమ్మా ఎఫ్ఫత్, బాగానే ఉన్నావా?"

"ఏం లేదు సురయ్యా ఖానుమ్. నవల చదువుతున్నా" అంది ఎఫ్ఫత్ తలుపు తియ్యకుండానే.

"అబ్బో, నిన్ను కూడా ఏడిపించిందంటే బ్రహ్మాండంగా ఉండుంటుంది. అయ్యాక నాకూ ఇద్దువుగానీ."

ఎఫ్ఫత్ తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంది.

"అద్దె పుస్తకమండీ" అంది. "తిరిగి ఇచ్చేశాను."